కమిషనర్ గారూ, గ్రో బ్యాగులు వద్దు, ఎరువు ఇప్పించండి

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారమండీ. నేను పటమటలో ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద కూరగాయలు పండించుకునే మనిషిని. ఇంటి కూరగాయల పేరుతో ఏదన్నా ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చి, అందులో "గ్రో బ్యాగుల కిట్ల పంపిణీ", అంటే మొక్కలు పెంచుకునే ప్లాస్టిక్ సంచులు పంచడం, అన్న ముక్క కనబడితే, సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగమని అడగడానికే ఈ ఉత్తరం. బ్యాగు మాకు పెద్ద సమస్య కాదు. పాత బకెట్లు, అడ్డంగా కోసిన నీళ్ల డ్రమ్ములు, చేపల మార్కెట్లో పారేసే థర్మాకోల్ పెట్టెలు, సిమెంటు గోతాలు, ఏదైనా సరే అడుగున బెజ్జాలు పెడితే చాలు. మాకు దొరకనిది వాటిలో పొయ్యడానికి నమ్మకమైన ఎరువు.

ఉచితంగా ఇస్తే తీసుకోడానికి ఏం బాధ అంటారేమో. బాధ ఏంటంటే, ఇలాంటి పంపిణీలు ఎక్కువగా ఆర్థిక సంవత్సరం అయిపోతోందన్న కంగారులో మార్చిలో జరుగుతాయి. మార్చిలో విత్తనం పెడితే మొక్క లేచి రెండు తీగలు వేసేసరికి రోహిణి కార్తె వచ్చేస్తుంది. బెజవాడలో రోహిణి కార్తె అంటే రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు, ఇక డాబా స్లాబు మీద నల్ల ప్లాస్టిక్ సంచిలో ఉన్న మొక్క సంగతి చెప్పాలా? జూన్ నాటికి ఆ సంచులు మడతపెట్టి అటక మీద పడేస్తారు, "మన ఎండకి ఇవన్నీ అవవండీ" అని తీర్పు కూడా చెప్పేస్తారు. కాగితాల మీద మాత్రం ఇన్ని వేల కిట్లు పంచాం అని ఉంటుంది. ఎన్ని కిలోల బెండకాయలు కోశారని ఎవరూ అడగరు.

ముందు ఒక లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకి 1,600 గ్రాములు, నెలకి 48 కిలోలు. అపార్ట్‌మెంట్ డాబాలో ఒక ఇంటి వాటాకి వచ్చే జాగాలో అంత పండదు. కాబట్టి "మీ కూరగాయలు మీరే పండించుకోండి" అని ఫ్లెక్సీలు వేసి జనాన్ని ఊరించొద్దు. ఉల్లిపాయ, బంగాళాదుంప, క్యారెట్ మేడ మీద పండించాలనుకోవడం ఇక్కడి ఎండకి దండగ పని. పండేవి వేరే ఉన్నాయి. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, పుదీనా, కరివేపాకు, పచ్చిమిరప, వంగ, బెండ, ఇంకా తీగకి పందిరి వేసుకునే ఓపిక ఉంటే బీర, సొర, దొండ. తోటకూర విత్తనం చల్లిన మూడు నాలుగు వారాలకే కోతకొస్తుంది, బచ్చలి ఒకసారి పట్టుకుందంటే మనం వద్దన్నా వదలదు. చిక్కుడు మాత్రం తొలకరికి పెట్టి సంక్రాంతి దాకా ఓపిక పట్టాలి, పగలు పొట్టి అయితే గానీ అది పూత పుయ్యదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నప్పుడు పడవల మీదా డ్రోన్ల మీదా పొట్లాలు పంపారు. ఆ తర్వాత ఇచ్చిన సరుకుల్లో బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఉన్నాయి. ఎవరు పంచినా నిలవుండేవే పంచగలరు, ఆకుకూరని గోదాములో పెట్టి ఇవ్వలేరు కదా. నిలవుండేది బజారు నుంచి రావాలి, నిలవుండనిది ఇంటి దగ్గర పండాలి. నేను అడిగే స్వయంసమృద్ధి అంతవరకే. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి పరిగెత్తినప్పుడు మా బ్లాకులో చాలామంది టమాటా మొక్కల మీద పడ్డారు. ధర చూసి నాటిన మొక్క కాయ కాసేసరికి ధర దిగిపోతుంది, పైగా పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటాకి పూత నిలవదు. ఆ నెల మా ఇంట్లో పప్పులో చుక్కకూర వేశాం, చారులో చింతపండు ఇంకాస్త పిసికాం, ఎవరికీ ఏం కాలేదు.

ఇప్పుడు ఎరువు సంగతికి వస్తాను. నర్సరీలో వర్మీకంపోస్టు, అంటే వానపాముల ఎరువు, పేరుతో అమ్మే సంచిలో ఎంత ఎరువో, ఎంత ఇసకో, ఎంత ఎండు పేడ పొడో కొనేవాడికి తెలిసే దారి లేదు. పశువుల ఎరువు కావాలంటే పెనమలూరు వైపో కంకిపాడు వైపో వెళ్లి ఆటోలో వేసుకుని రావాలి, ఎరువు కంటే ఆటో కిరాయి ఎక్కువవుతుంది. తీరా అది సరిగ్గా మాగకపోతే ఆ వేడికి వేళ్లు మాడిపోతాయి, దాంతోపాటు వేరుపురుగు కూడా ఉచితంగా మేడెక్కుతుంది. ఇటు చూస్తే రోజూ రైతు బజార్లలో, కాళేశ్వరరావు మార్కెట్లో కాలీఫ్లవర్ ఆకులు, అరటి గెలల కాడలు, ముల్లంగి ఆకులు, మొక్కజొన్న తొక్కలు, చితికిన టమాటాలు కుప్పలు పడి ఉంటాయి. అదంతా ఎరువే, ఇంకా మాగలేదంతే.

ఇళ్ల నుంచి వచ్చే చెత్తతో కంపోస్టు చేసి మాకు ఇవ్వమని మాత్రం నేను అడగడం లేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరం అని ఇంటి దగ్గరే వేరు చెయ్యమన్నాయి గానీ, జనం దాన్ని పాటించేది అంతంతమాత్రమే. డైపర్లు, బ్యాటరీ సెల్లులు, మాత్రల అట్టలు, గాజు పెంకులు అన్నీ ఒకే బకెట్లో పడతాయి. అలాంటి కలగలుపు చెత్తతో తయారైన కంపోస్టులో సీసం లాంటి లోహాలు చేరే ప్రమాదం ఉంది, అందుకే కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకి లోహాల పరిమితులు పెట్టింది. రోడ్డు మధ్య డివైడర్ మొక్కలకి వేసుకోండి, తినే తోటకూరకి నేను వెయ్యను. రైతు బజారు తుక్కు అలా కాదు, కవర్లూ పురికొసలూ ఏరేస్తే పచ్చి కూరగాయే మిగులుతుంది.

ఒట్టి పచ్చి తుక్కు కుప్ప పోస్తే నీరు కారి కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి, చుట్టుపక్కల వాళ్లు మీకే ఫోన్లు చేస్తారు. దానికి ఎండుటాకు కలవాలి. మన ఊళ్లో ఎండుటాకుకి కరువా? రాఘవయ్య పార్కు, రాజీవ్ గాంధీ పార్కు, కాలువ గట్ల మీద చెట్లు, కాలేజీల ఆవరణలు, ఎక్కడ చూసినా ఆకే. ఊడ్చింది మూలకి చేర్చి అగ్గిపుల్ల గీసే అలవాటు మన జనంలో ఇంకా పోలేదు, చలికాలం పొద్దున్నే ఆ పొగ పీల్చేదీ మనమే. పచ్చి తుక్కు ఒక వంతు, ఎండుటాకు రెండు వంతులు, మధ్య మధ్యలో పేడ నీళ్లు చల్లి, చెమ్మ ఆరకుండా చూసుకుంటూ వారానికోసారి తిరగేస్తే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కలుపు విత్తనాలూ తెగులు క్రిములూ చాలావరకు చస్తాయి. మన వాతావరణంలో మూడు నెలలకి అటూ ఇటుగా నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డ నేల వాసనతో తయారవుతుంది. దీనికి కోట్ల యంత్రం అక్కర్లేదు, గాలాడే ఇటుక తొట్లు, మీద రేకుల నీడ, తిరగేసే ఇద్దరు మనుషులు ఉంటే సరిపోతుంది.

ఊరంతా ఒకేసారి వద్దు. పటమట రైతు బజారు దగ్గరలో ఒక్కచోట మొదలుపెట్టండి. పార్కుల ఆకు అక్కడికి రావాలి, బజారు తుక్కు అక్కడే ఆగాలి. తయారైనదాన్ని జల్లెడ పట్టి, ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు కాగితం అందరికీ కనబడేలా గోడకి అంటించి, అదే బజారులో కూరగాయల పక్కన ఐదు కిలోల సంచుల్లో అమ్మించండి. ఉచితం మాత్రం వద్దు. ఉచితం అనగానే మొదట వచ్చినవాడే పది సంచులు ఎత్తుకుపోతాడు, తర్వాత వచ్చినవాళ్లకి బోర్డు మాత్రం కనబడుతుంది. నడపడానికి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద పనిచేసే మహిళా సంఘాలు ఉన్నాయి, వచ్చిన డబ్బు వాళ్లకే పోనివ్వండి. ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర అని చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగుతున్నాం కదా, ఒక శనివారం ఆకుల సంచులు మొయ్యడానికి పిలవండి, మా బ్లాకు నుంచి మేం వస్తాం.

ఇంకో చిక్కు బరువు. అసోసియేషన్ మీటింగ్‌లో మిద్దె తోట మాట ఎత్తగానే "స్లాబు కురుస్తుంది, బిల్డింగ్ దిగిపోతుంది" అని ఒకళ్లు లేస్తారు. ఆ భయం ఉత్తిది కాదు. మనుషులు తిరిగే డాబాకి మన దేశ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు లెక్కేస్తారు, అడుగు లోతున తడి మట్టి పరిస్తే అది దాదాపు అర టన్ను అవుతుంది. అంటే స్లాబు మీద నేరుగా మట్టి పోసి మడులు కట్టడం తప్పే. దూలాల మీదుగా, పిట్టగోడ వెంబడి తొట్లు పెట్టుకోవాలి, మట్టి ఒక వంతే ఉండి మిగతాది కొబ్బరిపొట్టూ కంపోస్టూ కావాలి, తొట్టికీ స్లాబుకీ మధ్య గాలాడాలి. ఈ నాలుగు ముక్కలూ మీ ఇంజనీర్లు ఒక్క పేజీలో తెలుగులో రాసి కార్పొరేషన్ ముద్ర వేసి ఇస్తే చాలు. మేం చెబితే వినరు, ముద్ర ఉంటే వింటారు. డాబా అందరిదీ కాబట్టి తోటకి ఎంత, బట్టలారేసుకోడానికి ఎంత, వడియాలకి ఎంత అన్నది కూడా ఆ పేజీలో నమూనాగా ఉంటే ఇంకా మంచిది. వడియాలు నవ్వులాటకి రాయలేదండీ, ఏప్రిల్లో మా డాబా మీద అసలు పంచాయితీ దాని గురించే. పుణెలో వర్మీకంపోస్టు, సోలార్, వాననీటి నిల్వ లాంటివి పెట్టుకున్న ఇళ్లకి ఆస్తి పన్నులో 5 నుంచి 10 శాతం రాయితీ ఇస్తారు. ఏప్రిల్లోనే ఏడాది పన్ను కట్టేస్తే మనకీ 5 శాతం తగ్గుతుంది, దాని పక్కనే కంపోస్టు చేసుకునే అపార్ట్‌మెంట్లకి ఇంకో రెండు శాతం కలిపితే అసోసియేషన్ ప్రెసిడెంట్లే తొట్లు మోస్తారు.

నారు గురించి కూడా ఒక మాట. వంగ, మిరప నారు పెంచేవాళ్లు రైతుల కోసం 98 గుంతల ట్రేల్లో పెంచుతారు. డాబా వాడికి కావాల్సింది ఆరు మొక్కలు. ట్రే మొత్తం కొంటే మిగతావి ఎండబెట్టుకోవాలి, విడిగా అడిగితే విసుక్కుంటారు. కంపోస్టు అమ్మే బల్ల మీదే జూన్‌లోనూ అక్టోబర్‌లోనూ నారు పదేసి చొప్పున కాగితంలో చుట్టి అమ్మే పని ఆ సంఘాలకే అప్పగించండి.

పురుగు పట్టినప్పుడు అడగడానికి మనిషి కూడా కావాలి. 2021–22లో గుంటూరు మిర్చి రైతుని ముంచిన తామర పురుగుల జాతి మా బకెట్లో మిరప మొక్కల్నీ వదలదు. ఆకు ముడుచుకుందని కొమ్మ తుంచుకుని ఒక మందుల షాపుకి వెళ్తే పత్తికి కొట్టే సీసా చేతిలో పెట్టారు. రేపు పప్పులో వేసుకునే మిరపకాయకి అదా? కృష్ణ దాటితే గుంటూరులో రైతు సాధికార సంస్థ ఉంది, 2016 నుంచి పల్లెల్లో ప్రకృతి సేద్యం నేర్పిస్తోంది, 2024లో ఆ పనికి పోర్చుగల్ వాళ్లిచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. పేడతో చేసే ఘనజీవామృతం ఎరువు, వేపాకుతో చేసే నీమాస్త్రం పురుగుమందు చేతులతో చేసి అలవాటున్న అక్కలు వాళ్ల దగ్గర ఉన్నారు. వాళ్లలో ఒకరిని వారానికో సాయంత్రం రైతు బజారులో కూర్చోబెట్టమని మీరు ఒక ఉత్తరం రాస్తే చాలు, పిండినల్లి పట్టిన కొమ్మలు పట్టుకుని మేమే వరుస కడతాం.

దోమల గురించి మీ ఆరోగ్య విభాగం వాళ్లు తప్పకుండా అభ్యంతరం చెబుతారు, చెప్పాలి కూడా. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. పళ్లేలు వద్దని ఆ పేజీలోనే ఒక లైను రాయించండి. నీళ్ల విషయంలో కింది ఫ్లాట్ల వాళ్ల కోపమూ న్యాయమే, మేలో తాగే నీళ్లతో తోట తడపకూడదు. బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నీళ్లు, నీడకి ఒక షేడ్ నెట్, వాటితో కరివేపాకునీ దొండ తీగనీ దాటించుకుంటాం, మిగతా తొట్లకి ఆ నెల సెలవు.

మృగశిర కార్తెకి విత్తనం పడాలంటే కంపోస్టు కుప్ప మార్చి మొదట్లోనే వెయ్యాలి, ఆకు ఎక్కువగా రాలేది కూడా ఆ రోజుల్లోనే. మార్చి లోపు ఖర్చు పెట్టాల్సిన డబ్బేదన్నా మీ దగ్గర మిగిలితే ముందు ఆ రేకుల షెడ్డుకి మంజూరు చెయ్యండి, చోటు ఎక్కడో వార్డు సచివాలయంలో చెప్పించండి.

ఇట్లు,
పటమట నుంచి మీ పన్ను చెల్లింపుదారు