చలికాలపు పనుల్లో వరుస తప్పినందుకు ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఆకులు రాలే కాలంలో మా ఇంటికి మీరు చేసిన చలికాలపు ముందస్తు పనుల్లో లోపాలు, తిరిగి చేయవలసిన పనులు.

అయ్యా,

మీ మనుషులు పని ముగించి ఇచ్చి వెళ్లిన కాగితంలో పదకొండు పనులున్నాయి. పదింటి ఎదుట టిక్కు ఉంది, ఒకదాని ఎదుట ‘వర్తించదు’ అని రాసి ఉంది. ఆ పదిలో చాలా పనులు నిజంగానే చేశారు, కాదనడం లేదు. కానీ చేయకూడని వరుసలో చేశారు. ఆ వరుస పనివాళ్లు కల్పించుకున్నది కాదు, మీ కాగితంలోనే అలా అచ్చయి ఉంది. అందుకే ఈ ఫిర్యాదు ఆ పనివాళ్ల మీద కాకుండా మీ సంస్థ మీద చేస్తున్నాం.

ముందుగా బయటి కుళాయిల సంగతి. కాగితంలో మొదటి పని ‘బయటి కుళాయిలు ఖాళీ చేయుట’, ఆరవది ‘గట్టర్లు శుభ్రం చేయుట’, అంటే చూరు వెంట వాన నీళ్లు పోయే తొట్లు. గట్టర్లలో ఆకులు తీశాక నీళ్లు పోసి కడగాలి కదా. ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఉదయం ఖాళీ చేసిన పెరటి కుళాయికే మళ్లీ హోస్ పైపు బిగించి, నీళ్లు వాడి, పైపు అలాగే వదిలేసి వెళ్లారు. కుళాయి పని అప్పటికే టిక్కు పడి ఉంది కాబట్టి ఇంకెవరూ దాని వైపు చూడలేదు.

పెరటి కుళాయి మంచుకు గడ్డకట్టకుండా ఉండే పొడవాటి రకం. తిప్పే పిడి బయట ఉంటుంది, నీటిని ఆపే భాగం, అంటే కవాటం, మాత్రం గోడ లోపల, వెచ్చగా ఉండే చోట, సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కట్టేయగానే ఆ గొట్టంలో మిగిలిన నీరు మూతి గుండా కారిపోవాలి. గొట్టాన్ని బయటి వైపుకి కొంచెం వాలుగా బిగించేది అందుకే. మూతికి హోస్ ఉంటే గాలి లోపలికి పోదు, నీరు బయటికి రాదు. నీరు గడ్డకట్టేటప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అటు మూసిన కవాటానికీ ఇటు పేరుకుంటున్న మంచుగడ్డకూ మధ్య చిక్కిన నీటి ఒత్తిడికి గొట్టం చీలుతుంది. ఆ చీలిక కవాటానికి ఇవతల, మూతి వైపు ఉంటుంది కాబట్టి కుళాయి కట్టేసి ఉన్నంతకాలం చుక్క కూడా కారదు. ఎండలు వచ్చాక మొదటిసారి తిప్పినప్పుడు నీరంతా గోడలోకి పోతుంది. అప్పుడు అది ఎవరి తప్పో తేల్చడం కష్టం. అందుకే ఇప్పుడే రాస్తున్నాం.

మీరు వెళ్లాక ఉష్ణోగ్రత మైనస్ 9 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయిన రాత్రి ఒకటి గడిచింది. ఆ తర్వాత హోస్ తీసి, కుళాయి తిప్పి, మూతిని బొటనవేలితో అదిమి చూశాం. గొట్టం బాగుంటే నీటి ఒత్తిడి వేలిని తోసెయ్యాలి. ఇక్కడ వేలితోనే ధార ఆగిపోయింది, నేలమాళిగ గోడ లోపలి వైపు తడి కనిపించింది. కుళాయి మొత్తం మార్చాల్సిందే. కొత్తది పాత దాని పొడవే ఉండాలి. పొట్టిది వేస్తే కవాటం చల్లటి గోడలోనే ఉండిపోతుంది.

వాకిలి వైపు కుళాయి మామూలుది. దానికి బయట ఫోమ్ టోపీ తొడిగి టిక్కు పెట్టారు. ఆ టోపీ వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని కాస్త ఆలస్యం చేస్తుందంతే. ఆ కుళాయికి ఇంటి లోపల విడిగా ఒక కవాటం ఉంది. దాన్ని కట్టేయాలి, బయటి కుళాయి తెరవాలి, తర్వాత లోపలి కవాటం పక్కనున్న చిన్న ఇత్తడి మూత వదులు చేసి కింద డబ్బా పెట్టి మిగిలిన నీటిని దించేయాలి. చివరికి బయటి కుళాయిని తెరిచే ఉంచాలి. మేం చూసేసరికి లోపలి కవాటం తెరిచే ఉంది. దీన్ని మేమే సరిచేశాం, మీరు మళ్లీ చేయనక్కర్లేదు.

తోట స్ప్రింక్లర్ గొట్టాల్లో గాలి ఊదిన ఒత్తిడి 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అని మీ కాగితంలోనే ఉంది. మా తోటలో ఉన్నవి మెత్తటి నల్ల పాలిథిలీన్ గొట్టాలు. వాటికి 50 దాటకూడదు, గట్టి పీవీసీ గొట్టాలకైనా 80 హద్దు. నీటిని బయటికి నెట్టాలంటే గాలి పరిమాణం ఎక్కువ కావాలి గానీ ఒత్తిడి కాదు. చిన్న కంప్రెసర్ తెచ్చి ఆ లోటును ఒత్తిడి పెంచి పూడ్చడం వల్లే జాయింట్లు ఊడతాయి. పైగా ఒక్కో భాగాన్నీ ఒకేసారి ఐదారు నిమిషాలు ఊదారు. తిరిగే తలల్లోని ప్లాస్టిక్ పళ్లచక్రాలకు నీరే కందెన. పొడి గాలికి ఆగకుండా తిరిగితే అవి వేడెక్కి అరుగుతాయి. రెండు నిమిషాలకు మించకుండా ఊది, ఆపి, మళ్లీ ఒకసారి ఊదడం పద్ధతి. తుంపర ఆగిపోతే చాలు. నీరు వెనక్కి రాకుండా ఆపే పరికరానికున్న రెండు బంతి కవాటాల్నీ పూర్తిగా మూసేశారు. వాటిని సగం తెరిచి, అంటే పిడి 45 డిగ్రీల వాలులో ఉండేలా, వదలాలి. లేకుంటే బంతి లోపల చిక్కిన నీరే దాన్ని పగలగొడుతుంది.

ఇక అటక. మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే. మూడవ పనిగా ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే దూది, దట్టంగా పరిచారు. తొమ్మిదవ పని ‘అటక నేలలోని సందులు మూయుట’, దాని ఎదుటే ‘వర్తించదు’ అని ఉంది. నిజమే, ఆరు పనుల ముందే సందులన్నీ దూది కింద పూడిపోయాక మూయడానికి ఏం కనిపిస్తుంది? ఇన్సులేషన్ వేడిని ఆపుతుంది కానీ గాలిని ఆపదు. మురుగు గొట్టం పైకి వచ్చే చోట, అటక మూత చుట్టూ, వైర్ల రంధ్రాల్లో ఉన్న సందుల గుండా ఇంట్లోని వెచ్చటి తేమగాలి పైకి పోతూనే ఉంది. అది పైకప్పును లోపలినుంచి వెచ్చబెడుతుంది. కప్పు మీది మంచు కరిగి చూరు దాకా జారి, చల్లగా ఉన్న ఆ అంచున మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ వెనక నిలిచిన నీరు పెంకుల కిందికి ఎక్కి సీలింగ్‌లోకి దిగుతుంది. గట్టర్లు ఎంత శుభ్రంగా ఉన్నా దీన్ని ఆపలేవు.

చూరు కింద గాలి వచ్చే జాలీల మీద కూడా దూది పడి ఉంది. అక్కడ కప్పు వాసాల మధ్య అడ్డురేకులు పెట్టి, కప్పు చెక్కకూ ఇన్సులేషన్‌కూ మధ్య కనీసం అంగుళం ఖాళీ వదలాల్సింది. అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. వరండా గదిలో సీలింగ్‌లోకి దింపిన మూడు పాత లైట్లను కూడా కప్పేశారు. వాటి మీద ‘ఐసీ’ గుర్తు లేదు, అంటే ఇన్సులేషన్ వాటిని తాకకూడదు. చుట్టూ 3 అంగుళాలు ఖాళీ ఉండాలి, పైన ఏమీ కప్పకూడదు. ఆ వేడికి మంటలు రేగవచ్చు. ఆ లైట్ల స్విచ్ మీద టేపు అంటించి వాడకం ఆపేశాం. ఈ ఒక్క పనీ వారం దాకా ఆగేది కాదు.

కిటికీలకు ఏడవ పనిగా సీలెంట్ (సందులు మూసే జిగురు) వేశారు, గట్టర్లు కడిగిన నీళ్లు గోడల మీద ఇంకా ఆరకముందే. తడి చెక్కకు సీలెంట్ అంటుకోదు. ఇప్పటికే రెండు కిటికీల దగ్గర పట్టీలా ఊడి చేతికి వస్తోంది. బయటి అద్దాల చట్రాల అడుగున నీరు పోవడానికి వదిలిన చిల్లుల్ని కూడా మూసేశారు. ఆ చిల్లులు లోపం కాదు, చట్రంలోకి చేరిన వాన నీరు బయటికి పోయే దారి. మూస్తే కిటికీ అడుగు చెక్క ఉబ్బి కుళ్లుతుంది.

ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్‌కి గాలి ఫిల్టర్ కొత్తదే వేశారు, కాని 4 అంగుళాల గాడిలో 1 అంగుళం మందపుది నిలబెట్టారు. గాలి పక్కనుంచే పోతోంది. కార్బన్ మోనాక్సైడ్ అలారానికి బ్యాటరీ మార్చారు, వెనక ఉన్న గడువు తేదీ చూడలేదు. అది దాటిపోయింది. మీట నొక్కితే మోగుతుంది, నిజమే, కానీ ఆ మీట పరీక్షించేది శబ్దాన్నే, లోపలి సెన్సర్‌ని కాదు. అలారం మేమే మార్చుకున్నాం.

మీ నుంచి మేం కోరేది ఇది. లైట్ల మీది ఇన్సులేషన్ ఈ ఉత్తరం అందిన 48 గంటల్లో తొలగించాలి. పెరటి కుళాయిని మీ ఖర్చుతో మార్చాలి. అటకలో దూది పక్కకు జరిపి, సందులు మూసి, అడ్డురేకులు పెట్టి మళ్లీ పరచాలి. కిటికీ చిల్లులు తెరవాలి. సీలెంట్ మాత్రం గోడ పొడిగా, 5 డిగ్రీలకు పైన ఉన్న రోజునే వేయాలి. అలాంటి రోజు ఇక దొరక్కపోతే ఆ పనికి తీసుకున్న సొమ్ము వాపసు ఇవ్వండి, చలిలో మళ్లీ వేయవద్దు. స్ప్రింక్లర్ గొట్టాలకు జరిగిన నష్టం నీళ్లు వదిలేదాకా తెలియదు కనుక, ఎండాకాలంలో మొదటిసారి తెరిచేటప్పుడు మీ మనిషి ఉండి చూసి, చెడినవి మారుస్తానని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

మీ కాగితం కూడా మార్చాలి. గట్టర్లు మొదట, సీలెంట్ గోడ ఆరాక, సందులు ఇన్సులేషన్‌కి ముందు, కుళాయిలు అన్నిటికంటే చివర. కుళాయి ఎదుట ‘హోస్ తీశారా?’ అని ఒక గడి విడిగా పెట్టండి. ఇదే కాగితం పట్టుకుని మీ మనుషులు ఈ వారం ఇంకెన్ని ఇళ్లకు వెళ్తున్నారో, ఆ ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి హోస్ పైపులు తీయించండి.

ఫోటోలు, మీ కాగితం నకలు దీనితో జతచేశాం.

ఇట్లు,
మీ వినియోగదారులు