చేతులు మొద్దుబారాకా జాగ్రత్త?

రోజంతా ఒకే కదలికను వేలసార్లు చేసే ఉద్యోగుల చేతులు దెబ్బతింటున్నా, యాజమాన్యాలు దాన్ని గాయంగానే లెక్కించడం లేదు. డేటా ఎంట్రీలో నా పక్క సీటు సహోద్యోగికి రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కేవి. చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం వల్లేమో అనుకున్నాం. తీరా చూస్తే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టులోని మీడియన్ నరం నొక్కుకుపోవడం. మా పని వేగాన్ని క్షణక్షణం కొలిచే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, కాసేపు ఆగమని గుర్తుచేసేది మాత్రం లేదు! విరామం సూచించే ప్రోగ్రాములు, వాయిస్ టైపింగ్, మణికట్టు మెలితిరగకుండా చూసే నిలువు మౌస్ ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. వీటిని నొప్పి వచ్చాక కాదు, ఉద్యోగంలో చేరిన రోజే అందరికీ ఇవ్వాలి; విరామ నిమిషాలను పని గంటల్లోనే లెక్కించాలి.

– ఒక డేటా ఎంట్రీ ఉద్యోగి