వార్షిక నివేదిక: ఈ ఏటి చలికాలపు ఇంటి మందులు

సభ్యులందరికీ నమస్కారం. మురుగుకాలువ అర్జీ, వీధిదీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలూ జమాఖర్చులూ వెనక పేజీలో ఉన్నాయి. కార్యవర్గం గట్టిగా వాదులాడుకున్నది ఇంటి మందుల మీదే కాబట్టి నివేదికలో దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

తిరుపతిలో చలేమిటని బయటివాళ్లు నవ్వుతారు. అక్టోబరులో పట్టుకున్న ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గీ తగ్గకముందే ధనుర్మాసం మంచు మొదలవుతుంది. తెల్లవారుజామున గుడికి పోయొచ్చే పెద్దలకు గొంతు పట్టేస్తుంది, పిల్లలకు ముక్కు కారుతుంది, మడమలు అందరికీ పగులుతాయి. ఇంతకుమించి వైద్యం జోలికి పోకూడదని ముందే తీర్మానించుకున్నాం.

కషాయం దగ్గర ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క. చివరికి కుదిరింది ఇది: రెండు గ్లాసుల నీళ్లలో చెంచా ధనియాలు, అర చెంచా మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేసి, చిన్న శొంఠి ముక్క, గుప్పెడు తులసాకు కలిపి, ఒక గ్లాసయ్యేదాకా సన్నసెగ మీద మరిగించడం. బెల్లం దించాకే వేయాలి. చిత్తూరు బెల్లమైతే రంగు నల్లగా వస్తుంది, రుచికి తిరుగులేదు. కాచింది ఆ పూటే తాగెయ్యాలి. ఫ్రిజ్జులో దాచుకుంటామన్న వాళ్లతో కొంత పేచీ నడిచింది.

త్రికటు చూర్ణానికి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమపాళ్లు. శొంఠి నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు మొద్దుబారిపోతుంది. ముందు రోట్లో నలగ్గొట్టి, తర్వాత మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో జల్లించాలి. పీచు గుడ్డలోనే నిలిచిపోతుంది. చిటికెడు చూర్ణాన్ని తేనెలో రంగరించి నాకితే చాలు. కడుపులో మంట ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

మడమల మందుకు నాటుమందుల అంగట్లో దొరికే తేనెమైనం ఒక వంతు, నువ్వులనూనె నాలుగు వంతులు. మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద వద్దు. చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి చూడండి: గట్టిగా బిగుసుకుంటే నూనె, జారిపోతే మైనం కలపాలి.

మా కోరిక మీద వచ్చిన ఆయుర్వేద వైద్యురాలు మందులకన్నా వద్దన్నవే ఎక్కువ చెప్పారు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం పూయకూడదు. గర్భిణులకు అడ్డసరం ఆకు, బీపీ ఉన్నవాళ్లకు అతిమధురం వేరు పనికిరావు. ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా కషాయం పక్కనపెట్టి ఆసుపత్రికి పోవాలి.

సంక్రాంతికి వీటిని సీసాల్లో పోసి అమ్మి నిధి కూడబెడదామని కొందరు పట్టుబట్టారు. 1940 నాటి ఔషధాల చట్టం ప్రకారం ఆయుర్వేద మందులు అమ్మకానికి తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. అంచేత కార్యవర్గం ఒప్పుకోలేదు. నేనైతే లైసెన్సు గొడవ లేకపోయినా వద్దనే అనేవాణ్ణి. ఎవరింటి గిన్నె ఎంత శుభ్రమో ఎవరు పూచీ పడతారు?

ఆకుల కోసం కొండెక్కుదామన్న మాటా వచ్చింది. శేషాచలం అడవిలో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం 1989 నుంచి ఉంది. అక్కడ ఆకు కోయడం కుదరదు. అందుకే వామాకు, తులసి, వావిలి మేడల మీద కుండీల్లో పెంచుతున్నాం. కోతులు వామాకును ముట్టడం లేదు, తులసినే పీకేస్తున్నాయి.

వామాకు కొమ్మలు కావలసినవాళ్లు ఆదివారం సాయంత్రం సంఘం గదికి రండి, కుండీ మాత్రం మీరే తెచ్చుకోండి. చందా బాకీ ఉన్నవాళ్లు అదే చేత్తో కట్టేస్తే కోశాధికారి సంతోషిస్తారు.

ఇట్లు,
కార్యదర్శి