ఆ ఐదు నిమిషాలు నా పక్కన కూర్చున్నవాళ్లకు

మహారాష్ట్రలోని మన సిరొంచలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నన్ను ఎరిగినవాళ్లందరికీ నమస్కారం.

2024 జూన్ 10న బీడీ మానేశాను. నిన్నటితో ఏడాది నిండింది. మధ్యలో ఒక్కసారి, ఒకే ఒక్క బీడీ తాగాను. ఆ సంగతీ దాచను, కింద రాశాను. మానడానికి సాయపడ్డ మీకు ఎదురుపడ్డప్పుడు ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్దామనుకున్నా గానీ గొంతు పట్టుకుపోతోంది, మాట రావట్లేదు. అందుకే రాస్తున్నాను. బడి మొత్తం మరాఠీలో చదివినవాణ్ని. తెలుగు అక్షరాలు ఇంట్లో మా బాపు దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

నేను బీడీలు చుట్టే తునికాకు కల్లంలో ముంషీని, అంటే లెక్కలు రాసేవాణ్ని. ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మే నెల వచ్చిందంటే మా దిక్కు ఊళ్లకు ఊళ్లే తెల్లవారుజామున నాలుగింటికి అడవిలోకి పోతాయి. ఎండ ముదిరేలోపు ఆకు కోసుకొచ్చి, ఇంటి నీడన కూర్చుని కట్టలు కడతారు. మా మహారాష్ట్రలో కట్టకు డెబ్బై ఆకులు. గోదావరి దాటితే యాభయ్యే. సాయంత్రం ఆ కట్టలన్నీ కల్లానికి వస్తాయి. లెక్క రాసుకోవడం, వరసలుగా ఎండబోయించడం, తిప్పించడం, ఎండినాక నీళ్లు చిలకరించి గోనె బోరాల్లో తొక్కించడం, ఇదంతా నా పని. కూలీనాలీ చేసుకునే ఇళ్లకు ఏడాది మొత్తంలో చేతికి నగదు కనపడేది ఆ కొద్ది రోజులే. కాబట్టి ఆకును నేనేమీ అనను, అనలేను. ఆ ఆకు నిజామాబాద్, కరీంనగర్ దిక్కు పోయి, అక్కడి ఆడవాళ్ల చేతుల్లో బీడీలై, మళ్లీ మా ఊరి కిరాణా కొట్టుకే వస్తుంది. పదిహేడో ఏట, 1985లో, కల్లం కాపలా రాత్రి నిద్ర ఆపుకోవడానికి మొదటి బీడీ ముట్టించాను. తర్వాత ముప్పై తొమ్మిదేళ్లు రోజుకు కట్టన్నర బీడీలు. సిగరెట్ కాగితంలాగా తునికాకులోంచి గాలి ఆడదు. గుంజుతూనే ఉండాలి, లేకపోతే ఆరిపోతుంది. అట్లా గుంజీ గుంజీ సిగరెట్ కంటే ఎక్కువ విషమే లోపలికి పోతుందని డాక్టరమ్మ చెప్పేదాకా, బీడీ అంటే ఆకే కదా, పెద్దగా చెయ్యదులే అనుకునేవాణ్ని.

మానాలని అంతకుముందు అనుకోలేదా అంటే, అనుకున్నాను. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు. మన రేవులోనే మూడు మునకలు వేసి, ఇంక ముట్టనని గంగమ్మకు మొక్కుకున్నాను. ఆ సాయంత్రమే ముట్టించాను. అదే ఏడాది జులైలో వరద వచ్చింది. ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయంటే అందరూ బియ్యం, బట్టలు, కాగితాలు ఎత్తుకుంటున్నారు. నేను మొట్టమొదట ప్లాస్టిక్ కవరులో చుట్టి తలపాగాలో పెట్టుకున్నది బీడీ కట్ట, అగ్గిపెట్టె. రేషన్ కార్డు తర్వాత మా ఆవిడ తీసింది. ఆమె చూసింది, ఏమీ అనలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ యాదికొస్తుంది.

దగ్గు ఎప్పటినుంచో ఉంది. రెండేళ్లు ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర తిరిగాను. సీసాల మీద సీసాలు మందు రాశాడు తప్ప, బీడీ తాగుతావా అని ఒక్కనాడు అడగలేదు. అడగలేదు కాబట్టి ఫరవాలేదన్నమాట అని నేనూ మనసుకు సర్దిచెప్పుకున్నాను. 2024 మే నెలలో కల్లం నడుస్తుండగా, నది ఒడ్డు నుంచి పైకి ఎక్కుతూ మూడు చోట్ల ఆగాను. నాతో ఉన్న నా మనవరాలు, ఏడేళ్లది, "తాతా, నీ ఛాతీలో పిల్లి కూస్తుంది" అంది. అది చెవి ఆనించి విన్నది. భయపడి కాదు, వింతగా విన్నది. ఆ వారమే మా బావ నన్ను నదవతలికి, మంచిర్యాలకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ గొట్టంలో ఊదించి చూసింది. ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకైపోయాయి, దీన్ని సీఓపీడీ అంటారు అంది. "పోయిన ఊపిరిని నేను తిరిగి ఇవ్వలేను పెద్దాయనా. మానితే ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు" అని మెల్లగా, నా కళ్లలోకి చూస్తూ చెప్పింది. తిట్టలేదు. అమ్మా, మీకు మొదటి దండం.

రెండో దండం ఫోనులో మాట్లాడిన ఆయనకు. బీడీ కట్టల మీద, సిగరెట్ పెట్టెల మీద మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ కాగితం చింపి పారేశాను గానీ ఒక్కసారి చదవలేదు. పైసా ఖర్చు లేదు. మొదట మరాఠీలోనే మాట్లాడాను, చదువుకున్న భాష కదా. కానీ రాత్రి నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఆవిడ మీద విసుక్కుంటున్నాను అని చెప్పుకోవాలంటే మరాఠీలో నోరు పెగల్లేదు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలన్నాను. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి దొరికారు. ఆయన నాతో ఒక తారీఖు పెట్టించారు. కల్లం పని అయిపోయాక, జూన్ 10. ఆ తర్వాత నేను చెయ్యకపోయినా వాళ్లే చేసేవాళ్లు. ఆయన చెప్పిన ఒక్క మాట నన్ను గట్టెక్కించింది. "బీడీ తాగాలన్న గుంజుడు వస్తే, అది జీవితమంతా అట్లాగే ఉంటుందనిపిస్తుంది. ఉండదండీ. ఐదు నిమిషాలు, మహా అంటే పది. నీళ్లు తాగండి, పని మార్చండి, ఎవరితోనైనా మాట్లాడండి. ఆ ఐదు నిమిషాలు దాటించే మనిషిని వెతుక్కోండి." వెతుక్కోవాల్సిన పని నాకు పడలేదు. మీరంతా ముందే ఉన్నారు.

మొదటి నాలుగు రోజుల గురించి చెప్పాలి. ఒళ్లంతా చీమలు పాకినట్టు. తలనొప్పి. నోట్లో పుండ్లు. మలబద్ధకం. పైగా దగ్గు తగ్గాల్సింది పోయి ఎక్కువైంది, నల్లటి తెమడ పడింది. మానితే ఇంకా పాడైంది, మళ్లీ మొదలుపెడదామా అనుకున్నాను. ఊపిరితిత్తులు ఊడ్చుకుంటున్నాయి, పడనివ్వండి అన్నారు ఫోనాయన. డాక్టరమ్మ నికోటిన్ చూయింగ్ గమ్ రాసింది. పిల్లలు నమిలినట్టు గబగబా నమిలేసరికి గొంతు మండి, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పారేద్దామనుకుని మందుల షాపుకు పోతే, అక్కడ కూర్చునే అమ్మాయి తన పని ఆపుకుని నేర్పింది. "మెల్లగా నమలండి కాకా. మిరియంలాగా చురుక్కుమనగానే ఆపి దవడ పక్కన పెట్టుకోండి. చురుకు పోయాక మళ్లీ నమలండి. చాయ్ తాగిన వెంటనే మాత్రం వద్దు." బిడ్డా, నీ వయసు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది. నువ్వు ఆ రోజు విసుక్కుని ఉంటే నేను అక్కడే ఆగిపోయేవాణ్ని.

నాలుగో రోజు తెల్లవారుజాము నాలుగింటికి లేచాను. నాకు తెలియకుండానే చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. బీడీని వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టి, గలగలమంటే ఎండిందని తెలుసుకుని, వెనక నుంచి ఒకసారి ఊది, గులాబీ దారం ఉన్న కొసను పెదవులకు ఆనించడం, ఇదంతా వేళ్లకు వచ్చేసిన పని. జేబులో సోంపు డబ్బీ తగిలింది. మా ఆవిడ రాత్రి పెట్టింది. పక్కకు చూస్తే ఆమె లేచి కూర్చుని ఉంది. "వాకిట్లోకి పోదాం రా" అంది. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. వాన తుంపర పడుతోంది. ఆమె ఏం మాట్లాడిందంటే, మా పెళ్లికి పడవ మీద గోదావరి దాటి వచ్చిన రోజు సంగతి. వంతెన లేని రోజులవి. తన పెట్టె నీళ్లలో పడబోతే పడవాయన తెడ్డుతో ఆపాడట. నాకు ఈ సంగతి ముప్పై ఏళ్లుగా తెలియదు. వింటూ వింటూ ఉంటే తెల్లారింది. గుంజుడు ఎప్పుడు పోయిందో తెలియదు. అట్లా పదకొండు రోజులు ఆమె నాలుగింటికే లేచింది. నాకు నాలుగింటికి లేవడం బీడీ కోసం అలవాటు. ఆమెకు ఆ అవసరం ఏముంది? పగలంతా ఇంటెడు చాకిరీ ఉంది. నేను ఎదురుగా ఎప్పుడూ అనలేదు, ఇక్కడ అంటున్నాను. నువ్వు లేకపోతే నేను లేను.

బస్టాండు దగ్గర చాయ్ హోటల్ కాకకు ఎట్లా చెప్పుకోవాలి? ఆ హోటల్ ముందు గుంజకు ఒక తాడు వేలాడుతుండేది, కొసన ఎప్పుడూ నిప్పు కణకణలాడుతూ ఉండేది, బీడీలు ముట్టించుకోవడానికి. ముప్పై ఏళ్లు దాన్ని వాడుకున్నది ఎక్కువగా నేనే. నేను మానానని తెలిసిన మర్నాడు పోతే తాడు లేదు. ఏది కాకా అంటే, "నీకోసం కాదు లే, తాడు పాతబడింది" అన్నాడు. అబద్ధం అని ఇద్దరికీ తెలుసు. మూడు నెలలు అది లేదు. అడిగినవాళ్లకు అగ్గిపెట్టె లేదనీ చెప్పాడట, బేరం పోయినా సరే.

ఇంక ఆగస్టు సంగతి. శ్రావణమాసంలో అంకీసాలో మా చుట్టాల పెళ్లి. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మందు బంద్, మీకు తెలుసు. కానీ బీడీకి ఎవరు అడ్డం? భోజనాలయ్యాక పెండ్లి పందిరి వెనక నలుగురు కూర్చున్నారు, ఒకాయన చెయ్యి చాపాడు, తీసుకున్నాను. సగం దాకా తాగాక తల తిరిగింది. మిగతా సగం కూడా తాగాను. ఇంటికి వచ్చి పక్క మీద పడుకుని, ఇంక అయిపోయింది, ఎట్లాగూ తప్పాను, రేపు పొద్దున కట్ట కొనుక్కుందాం అనుకున్నాను. ఆ రాత్రే మా బావకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాళేశ్వరం అవతల ఉంటాడు. పొద్దున ఆరింటికి బండి మీద వంతెన దాటి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "బావా, అరవై రోజుల పైన తాగకుండా ఉన్నావు. ఒక్క బీడీ ఆ రోజుల్ని తినేస్తదా? లెక్క నువ్వే రాస్తవు కదా, ముంషీవి. డెబ్బై ఆకుల కట్టలో ఒక్క ఆకు చినిగితే కట్టంతా పారేస్తవా?" అన్నాడు. పారెయ్యను. ఆ ఆకు తీసేసి ఇంకోటి పెట్టిస్తాను. ఫోనాయన కూడా అదే చెప్పారు, ఎవరితో, ఎక్కడ, ఏ టైంలో జరిగిందో రాసుకోమన్నారు. రాసుకున్నాను. అప్పటినుంచి పెళ్లిళ్లలో భోజనం అవ్వగానే లేచి వచ్చేస్తున్నాను. చుట్టాలు ఏమైనా అనుకుంటే అనుకోనీ.

ఈ ఏడు మే నెలలో మళ్లీ కల్లం. భయపడ్డాను. అదే చోటు, అదే వాసన, అవే రాత్రులు. ఆకు తెచ్చే అక్కలు, వదినెలు ఒకరికొకరు చెప్పుకున్నట్టున్నారు, రాత్రి కాపలా టైంలో ఎవరో ఒకరు పెరుగన్నమో, చింతపండు చారో పట్టుకుని వచ్చేవాళ్లు. ఒకామె రోజూ ఒక పొడుపు కథ అడిగి, విప్పేదాకా పోయేది కాదు. నేను బీడీ తాగేవాణ్నని గానీ, మానానని గానీ ఎవ్వరూ ఎత్తలేదు. ఇరవై రోజులు గడిచాయి.

ఇప్పుడు ఒడ్డు ఎక్కుతూ ఒక్కచోటే ఆగుతున్నాను. ఆయాసం పూర్తిగా పోలేదు, పోదని కూడా తెలుసు. ఇన్హేలర్ వాడుతున్నాను. అన్నంలో పచ్చిపులుసు వాసన తెలుస్తోంది. చొక్కా జేబుల కింద నిప్పురవ్వల చిల్లులు లేవు. మనవరాలు మొన్న మళ్లీ చెవి ఆనించి విన్నది. "పిల్లి పడుకుంది" అంది.

ఈ రాసిన దాంట్లో ఎవరినైనా మరిచిపోతే క్షమించండి. ఇంకొక్క మాట. సిరొంచలో, అంకీసాలో, అసరెల్లిలో, ఎక్కడైనా సరే, మొదటి వారంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే రండి. పొద్దున చాయ్ హోటల్ దగ్గర ఉంటాను, సాయంత్రం రేవు దగ్గర. రాత్రయినా సరే ఇంటికొచ్చి తలుపు కొట్టండి, నాలుగింటికైనా. అరుగు మీద కూర్చుందాం. సోంపు డబ్బీ నా జేబులోనే ఉంటుంది.