ఒక ఇటాలియన్ కారు ఓనర్ రాస్తున్న ఫిర్యాదు లేఖ

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,
ఉత్తర అమెరికా కార్యాలయం.

విషయం: వారంటీలో ఉన్న నా కారు నెలల తరబడి డీలర్ దగ్గర పడి ఉండటం, అడిగితే ఎవరూ జవాబు చెప్పకపోవడం.

అయ్యా,

ఇదే లేఖ ఇంగ్లీషులో మీకు ఇదివరకే పంపాను. ఈమెయిల్ చేశాను, సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా పంపాను. అందినట్టు మీ ఆఫీసులో ఎవరో సంతకం చేసిన కార్డు నా దగ్గరుంది. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు తెలుగులో రాసి అందరూ చదివేలా పెడుతున్నాను. ఈ డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మావాళ్ళు వేలల్లో ఉన్నారు. గుడి పార్కింగ్‌లో నా కారు చూసి ముచ్చటపడి, "ఎలా ఉందండీ, మేమూ తీసుకోవచ్చా" అని అడిగినవాళ్ళు చాలామంది. వాళ్ళకి నిజం చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది. మీ కంపెనీ పేరు, డీలర్ పేరు ఇక్కడ రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

కారుకి ఏమైందో ఎక్కువ రాయను. హైవే మీద వెళ్తుండగా డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి, బండి నెమ్మదించి పక్కకి తీసేలోపే ఆగిపోయింది. ఏదో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోయిందన్నారు. యంత్రం అన్నాక పాడవుతుంది, ఏ కంపెనీ బండైనా పాడవుతుంది. దాని మీద నాకు కోపం లేదు. బండిని టో ట్రక్ ఎక్కించిన రోజు నుంచి ఇవాళ్టి దాకా మీరు నాతో నడుచుకున్న తీరు చూస్తేనే కడుపు మండుతోంది.

మొదట్లో సర్వీస్ అడ్వైజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. వారం పది రోజుల్లో పార్టు వస్తుంది, రాగానే నేనే ఫోన్ చేస్తాను అన్నాడు. చేయలేదు. నేను చేస్తే రిసెప్షన్ వాళ్ళు సర్వీస్‌కి కలిపారు. అక్కడ రింగై రింగై కాల్ మళ్ళీ రిసెప్షన్‌కే వచ్చింది. "ఆయన వేరే కస్టమర్‌తో ఉన్నారు, తిరిగి చేస్తారు" అన్నారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరికి ఆఫీసుకి సెలవు పెట్టి నేనే వెళ్ళాను. ఆ అడ్వైజర్ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడట. ఆయన చేతిలో ఉన్న బండ్లు ఎవరికి అప్పగించారో అక్కడున్న ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చినతనికి నా పేరు, నంబరు చెబితే కంప్యూటర్‌లో కాసేపు వెతికి, "మీ బండి మా దగ్గరే ఉందంటారా?" అని నన్నే అడిగాడు.

అతన్ని వెంటబెట్టుకుని వెనక స్థలంలోకి నేనే తీసుకెళ్ళాను. చెత్త డంప్‌స్టర్ పక్కన ఉంది నా కారు. అద్దం మీద దుమ్ము పేరుకుపోయి వైపర్ల కింద ఎండుటాకులు ఇరుక్కున్నాయి, బానెట్ మీదంతా పక్షుల రెట్టలు. వెనక సీట్లో మా పాప కార్ సీట్ అలాగే కట్టి ఉంది, అందులో దాని గులాబీ రంగు నీళ్ళ సీసా కూడా ఉంది. అది చూసేసరికి నాకు మాట రాలేదు. కనీసం ఆ కార్ సీట్ ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్తాను అన్నాను. తాళం దొరకలేదు. చాలాసేపు నిలబెట్టి, "దొరికాక ఫోన్ చేస్తాం" అన్నారు. మేము ఇంకో కార్ సీట్ కొనుక్కున్నాం.

పార్టు సంగతి అడిగితే "నేషనల్ బ్యాక్ ఆర్డర్" అన్నారు. అంటే దేశంలో ఎక్కడా లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. సరే, తేదీ చెప్పేవాళ్ళెవరు? మా చేతుల్లో ఏమీ లేదు, కంపెనీకి ఫోన్ చేయండి అన్నారు డీలర్ వాళ్ళు. మీకు చేస్తే, డీలర్ స్వతంత్ర వ్యాపారి, మేము వాళ్ళని ఆదేశించలేము, వాళ్ళనే అడగండి అన్నారు. లోనర్ కారు, అంటే రిపేరు అయ్యేదాకా నడుపుకోవడానికి ఇచ్చే బదులు బండి, అడిగినా ఇదే తంతు. కంపెనీ ఒప్పుకుంటే ఇస్తామని డీలర్ అంటాడు, అది డీలర్ ఇష్టం అని మీరంటారు. ఇలా ఒకరి మీద ఒకరు తోసేసుకుంటూ నెలలు గడిపేశారు. టెక్సాస్‌లో కంపెనీలు నేరుగా కార్లు అమ్మకూడదని, డీలర్ వ్యాపారం వేరని నాకూ తెలుసు. కానీ వారంటీ పుస్తకం మీద ఉన్నది మీ పేరు. పార్టు తయారు చేయించాల్సింది, తెప్పించాల్సింది మీరు. ఆ మాట ఫోన్లో అన్న ప్రతిసారీ మీవాళ్ళు నీళ్ళు నమిలారు.

తర్వాత నాకోసం ప్రత్యేకంగా ఒక కేస్ మేనేజర్‌ని పెట్టామని, రెండు రోజుల్లో ఫోన్ వస్తుందని ఈమెయిల్ పంపారు. ఆ మేనేజర్ ఫోన్ చేసిన ఒకే ఒక్కసారి నేను మీటింగ్‌లో ఉన్నాను. బయటికి రాగానే తిరిగి చేశాను. మెయిల్‌బాక్స్ నిండిపోయింది, మెసేజ్ పెట్టడానికి వీల్లేదు అని రికార్డింగ్ వినిపించింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతి వారమూ అంతే. ఈమెయిల్స్ పెట్టాను, జవాబు లేదు. ఆఖరికి ఒక రాత్రి మీ నుంచే ఈమెయిల్ వచ్చింది: కస్టమర్ స్పందించనందువల్ల కేసు మూసివేశాం అని.

నేను స్పందించలేదట! ఆ ఈమెయిల్ ప్రింటు తీసి పెట్టుకున్నాను. నా మొత్తం ఫిర్యాదు ఆ ఒక్క వాక్యం మీదే.

కొత్త కేసు తెరిపించుకోవడానికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు), మైలేజీ, అడ్రసు, ఏమైంది, ఎప్పుడైంది, ఎక్కడుంది. పాత కేసులో అన్నీ ఉన్నాయి కదా అంటే, మూసేసిన కేసు మాకు కనిపించదు అన్నారు. ఆరోజు లైన్లో ఉన్న అమ్మాయి ఒక్కతే నాతో నిజం మాట్లాడింది. "సర్, మీకు డీలర్ చెప్పిందే నా స్క్రీన్ మీదా ఉంది. పార్టుల విభాగానికి ఫోన్ చేసే వీలు నాకు కూడా లేదు" అంది. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చేతిలో ఏ అధికారమూ పెట్టకుండా ఆమెను మాలాంటివాళ్ళ కోపానికి అడ్డం పెట్టిన మీ మీదే నా ఫిర్యాదు.

ఇంత జరుగుతున్నా నెలనెలా కారు పేమెంట్ మాత్రం ఠంచనుగా నా అకౌంట్ నుంచి పోతోంది. ఇన్సూరెన్స్ కూడా కడుతున్నాను. నా భార్య తన కారులో పాపని డేకేర్‌లో దింపి, నన్ను ఆఫీసులో వదిలి, అప్పుడు తన ఆఫీసుకి వెళ్తోంది.

ఇటాలియన్ కారే ఎందుకు కొన్నావని మా బంధువులు ఇప్పుడు అడుగుతున్నారు. తెనాలిలో మా నాన్నగారికి ప్రీమియర్ పద్మిని ఉండేది. ఫియట్ 1100 నుంచి వచ్చిన బండి అది. మా ఇంట్లో ఎవరూ దాన్ని పద్మిని అనేవారు కాదు, ఫియట్ అనే అనేవారు. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. నాన్న ఒళ్ళో కూర్చుని నేను దాన్ని పట్టుకునేవాణ్ణి. అది మీ బ్రాండు కాకపోవచ్చు, మీ దేశం బండే. అదీ పాడయ్యేది, తరచుగా పాడయ్యేది. కానీ మా మెకానిక్ మస్తాన్ గారు బానెట్ ఎత్తి, నాన్నని పక్కన నిలబెట్టుకుని, పోయిన సామాను చేతిలో పెట్టి చూపించేవారు. "ఇది అరిగిందండీ. గుంటూరులో దొరుకుతుంది, ఎల్లుండి సాయంత్రానికి బండి ఇచ్చేస్తా" అనేవారు. అన్న రోజుకే ఇచ్చేవారు. కంప్యూటర్ లేదు, కేసు నంబరు లేదు, నాన్న మాత్రం ఏనాడూ టెన్షన్ పడలేదు.

ఆ అభిమానంతోనే మీ షోరూంకి వచ్చాను. జర్మన్ కార్లు చూశాను, జపాన్ కార్లు చూశాను, ఇదే కావాలనుకున్నాను. స్టీరింగ్ పట్టుకున్న క్షణం నుంచి ఈ కారంటే నాకు ప్రాణం. ఇప్పటికీ అంతే.

మీ దేశం కార్లు ఎందుకు నిలదొక్కుకోలేకపోతున్నాయో తెలుసుకోవాలంటే నా కేసు ఫైలు తెప్పించుకుని చదవండి. 1970లలో ఫియట్ ఇక్కడ అమ్మిన కార్లు తుప్పు పట్టిపోతే, ఆ పేరులోని అక్షరాలకి జనం "ఫిక్స్ ఇట్ అగైన్, టోనీ" అని అర్థం కట్టారు. 1983లో ఫియట్, 1995లో ఆల్ఫా రోమియో అమెరికా వదిలి వెళ్ళిపోయాయి. 2011లో ఫియట్ 500 తిరిగి వచ్చినప్పుడు ఏడాదికి 50,000 అమ్ముతామన్నారు, అమ్మింది 20,000కి కాస్త తక్కువ. అమ్మడానికి చేతిలో ఒకే ఒక్క మోడల్ పెట్టి, దానికోసం విడిగా "స్టూడియో" షోరూంలు కట్టమని డీలర్లతో ఖర్చు పెట్టించారు. చేతులు కాలిన డీలర్ ఆ తర్వాత ఆ కారు కొన్నవాణ్ణి ఏ ముఖంతో చూస్తాడు? 2023 వచ్చేసరికి అమెరికా మొత్తం మీద ఏడాదికి వెయ్యి ఫియట్లు కూడా అమ్ముడుపోలేదు. 2014లో ఫియట్ అధిపతి సెర్జియో మార్కియోనే, 2018కల్లా ఏటా 4 లక్షల ఆల్ఫాలు అమ్ముతామని ప్రకటించారు. దాని దరిదాపులకి కూడా పోలేదు. మసెరటి ప్రపంచవ్యాప్తంగా 2023లో 26,600 కార్లు అమ్మితే, 2024లో 11,300కి పడిపోయింది. ర్యాలీ కార్ల రేసుల్లో ప్రపంచాన్ని ఏలిన ఇటలీ కంపెనీ లాన్చా చాలా ఏళ్ళు ఒకే చిన్న కారుతో, ఇటలీలో మాత్రమే బతికింది.

కార్లు చేతకాక ఇలా అయిందా అంటే నేను ఒప్పుకోను. ఆల్ఫా జూలియాకి మోటార్ ట్రెండ్ పత్రిక 2018 కార్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది. జె.డి. పవర్ అనే సర్వే సంస్థ కొత్త కార్ల మీద చేసే తొలి నాణ్యత సర్వేలో 2015లో ఫియట్ అట్టడుగున ఉంటే, 2023లో అదే సర్వేలో ప్రీమియం బ్రాండ్లన్నిటిలో ఆల్ఫా మొదటి స్థానంలో నిలిచింది. ఇక మా దేశం సంగతి చూడండి. ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ మారుతి స్విఫ్ట్‌లో పెడితే జనం ఎగబడి కొన్నారు, టాటా వాళ్ళూ వాడుకున్నారు. భారతదేశపు జాతీయ ఇంజిన్ అని పేరొచ్చింది దానికి. అదే ఇంజిన్‌తో ఫియట్ సొంతంగా అమ్మిన పుంటో, లీనియా మాత్రం నిలవలేదు. ఇంజిన్ ఒకటే కదా! మారుతికి ఊరూరా సర్వీస్ సెంటర్ ఉంది. ఫియట్ కొన్నేళ్ళు టాటా షోరూంలలో ఒక మూల నిలబడింది, తర్వాత సొంత డీలర్లని పెట్టుకుంది. ఈలోపు కొన్నవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక తిరిగారు. అంతకుముందు 1990లలో ఫియట్ యూనోకి లక్షల మంది డబ్బు కట్టి బుక్ చేసుకుంటే, ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో సమ్మె వచ్చి బండ్లు అందక జనం విసిగిపోయారు.

ఇప్పుడు నాకు జరుగుతున్నదీ అదే. దగ్గర్లో ఉన్న ఇంకో డీలర్ మీ బ్రాండు వదిలేశాడు. ఉన్న ఈ ఒక్క చోట మీ కార్లు చూసే టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడు. వారంటీ పనికి కంపెనీ లెక్కగట్టి డబ్బిచ్చే గంటలు గిట్టుబాటు కావని, అందుకే చేతి నుంచి డబ్బు కట్టేవాళ్ళ బండ్లే ముందు లిఫ్ట్ ఎక్కుతాయని అక్కడ పనిచేసే ఒకతను నాకు చెప్పాడు. కార్లు అమ్ముడుపోక డీలర్లు తగ్గారు, డీలర్లు తగ్గి సర్వీసు పోయింది. సర్వీసు లేదన్న మాట పాకి కార్లు ఇంకా అమ్ముడుపోవడం లేదు. దీన్ని ఎక్కడో ఒకచోట తెంచాల్సింది మీరే. నా ఫోన్ ఎత్తడంతో మొదలుపెట్టి ఉండొచ్చు.

నాకు ఏం కావాలో కూడా రాస్తున్నాను. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న ఒక మనిషి పేరు, నేరుగా పనిచేసే ఫోన్ నంబరు ఇవ్వండి. పార్టు ఏ తేదీకి వస్తుందో కాగితం మీద రాసివ్వండి. అప్పటిదాకా నడుపుకోవడానికి ఒక బండి ఇవ్వండి. స్పందించలేదని మూసేసిన ఆ మొదటి కేసు రికార్డు సరిచేసి, తప్పు మాదేనని రాయండి. అన్నిటికన్నా ఈ చివరిది నాకు ముఖ్యం.

ఇవి చేయలేకపోతే కారు వెనక్కి తీసుకుని నా డబ్బు నాకిచ్చేయండి. లోపాలున్న కొత్త బండి కొని ఇరుక్కున్నవాళ్ళ కోసం ఉన్న చట్టం, టెక్సాస్ లెమన్ లా, నేను చదివాను. కొన్న రెండేళ్ళలోపు, 24,000 మైళ్ళలోపు బండి రిపేరు కోసం మొత్తం 30 రోజులు షాపులో ఉండిపోయి, బదులు బండి కూడా ఇవ్వకపోతే, ఆ చట్టం కింద రాష్ట్ర మోటార్ వెహికల్స్ శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు. నా విషయంలో ఆ 30 రోజులు ఎప్పుడో దాటాయి. ఫీజు 35 డాలర్లు. ఫారం నింపి పెట్టుకున్నాను. హైవే మీద బండి ఆగిపోవడం భద్రతకి సంబంధించిన విషయం కాబట్టి ఫెడరల్ రోడ్డు భద్రత సంస్థకీ రాస్తాను. నన్ను అడిగి ఈ కారు కొందామనుకున్న ప్రతి ఒక్కరికీ ఈ లేఖ పంపిస్తాను. అందులో ఇద్దరు ఇప్పటికే వేరే కంపెనీ కారు బుక్ చేసుకున్నారు.

కేసు నంబర్లు, ఈమెయిల్ ప్రింట్లు, డీలర్ ఇచ్చిన రిపేర్ ఆర్డర్ మీకు పంపిన ఇంగ్లీషు ప్రతితో జతచేశాను. నా ఫోన్ పగలు ఎప్పుడు చేసినా ఎత్తుతాను. మీటింగ్‌లో ఉన్నా బయటికి వచ్చి ఎత్తుతాను. డీలర్‌ని అడగమని మాత్రం నాకు మళ్ళీ చెప్పకండి.

ఇట్లు,
మీ కస్టమర్,
ఫ్రిస్కో, టెక్సాస్.