చిట్టితల్లికి, పానాల గురించి

చిట్టితల్లీ,

ఇక్కడ మేం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కింద మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్ళకి ఇబ్బంది పడ్డాం, ఇప్పుడు పర్లేదు. నువ్వు యమహా ఆర్ఎక్స్ 100 బైకు కొన్నావట కదా, చిన్ని చెప్పింది. నాకేం కోపం లేదు. 1996లో తయారీ ఆగిపోయిన బండి, ఎంత తుప్పు పట్టి ఉంటుందో నాకు తెలుసు, అలాంటిదాన్ని నువ్వే విప్పి బిగిస్తున్నావంటే సంతోషంగానే ఉంది. కుడిచేతికి కట్టు ఉందని కూడా చిన్నే చెప్పింది. ఎప్పుడూ టైపు చేసేదానివి, ఈ ఇరవై రోజుల్లో రెండంటే రెండు వాయిస్ మెసేజ్‌లు, వీడియో కాల్ అంటే నెట్ బాలేదంటావు. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు కొన్న స్పానర్ల సెట్టు ఫోటో చూశాను. ఆరొందలకి పన్నెండు, అద్దంలా మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసి మోసపోకు తల్లీ, అది పైపూత. లోపల మెత్తటి ఇనుమైతే గట్టిగా లాగిన రోజు దాని నోరు సాగుతుంది. గట్టి ఉక్కు అని చెప్పడానికి క్రోమ్ వెనేడియం అని గుద్ది ఉందంటావేమో, ఆ అక్షరాలు ఎవరైనా గుద్దుకోవచ్చు. అసలు చూడాల్సింది నట్టు మీద ఎలా కూర్చుంటుందన్నది. కొత్త నట్టు ఒకటి తీసుకుని స్పానర్‌లో పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకో. పక్కల సందులోంచి వెలుగు బాగా కనబడుతుంటే అది నట్టుని మూలల మీదే పట్టుకుంటోందని అర్థం. రెండుసార్లు జారిందంటే మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది, ఇక దాన్ని ఉలి పెట్టి కొట్టాల్సిందే.

ఇది నాకు నేర్పింది పెద్ద మేస్త్రి, అదీ ఆస్పత్రి మంచం దగ్గర. 1988లో ఆటోనగర్‌లో చేరిన కొత్త, నాకు పంతొమ్మిదేళ్ళు, షెడ్డులో పానాలు అడిగి తీసుకోవడం నామోషీ అనిపించి మొదటి జీతంతో ఫుట్‌పాత్ మీద ఒక సెట్టు కొన్నాను. మేస్త్రి చూసి, ఇవి సైకిలుకి వాడుకోరా, లారీ కిందకి తీసుకెళ్ళకు అన్నాడు. నేను వినలేదు. లారీ కింద పడుకుని ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టు విప్పుతున్నాను, 17 నంబరు, బిర్రుగా ఉంది, లాగితే రావడం లేదని ఒళ్ళంతా బరువేసి తోశాను. పానా నోరు తెరుచుకుంది. చెయ్యి వెళ్ళి ఛాసిస్ రివెట్టుకి గుద్దుకుంది, రెండు వేళ్ళ కణుపులు తెల్లగా కనబడ్డాయి, రక్తం కాసేపటికి గానీ రాలేదు. గుడ్డ చుట్టుకుని ఇంటికెళ్ళి మీ నానమ్మకి చెప్పలేదు. మూడు రోజులు చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో అన్నం తిన్నాను, ఆకలి లేదు కడుపులో బాలేదు అని ఏదో చెప్పాను. నాలుగో రోజు మణికట్టు దాకా వాచి జ్వరం వచ్చింది. డాక్టరు కోసి చీము తీశాడు. ఉంగరం వేలు అప్పటినుంచీ సగమే ముడుస్తుంది. నువ్వు చిన్నప్పుడు అడిగితే క్రికెట్ బంతి తగిలిందని చెప్పాను కదా. బంతి కాదమ్మా, ఇదీ జరిగింది.

మేస్త్రి ఆస్పత్రికి వస్తూ నా పానా, ఒక కొత్త నట్టు తెచ్చి, కిటికీ దగ్గర పట్టుకుని ఆ సందు చూపించాడు. తిట్టలేదు. వెళ్తూ తన 16-17 రింగు పానా, ఒక కొస 16, ఇంకో కొస 17, నా దిండు కింద పెట్టి వెళ్ళాడు.

అందుకని ఎంత ఖరీదైతే అంత మంచిదనీ అనను. అమెరికా స్నాప్-ఆన్ ఒక్క స్పానరే వేలల్లో ఉంటుంది. గోడ పల్చగా ఉండి ఇరుకులో దూరుతుంది, మూల మీద కాకుండా నట్టు పక్కల మీద పట్టుకుంటుంది, నిజమే. రోజూ పది గంటలు దాంతో బతికేవాడికి గిట్టుబాటు. వారానికోసారి విప్పేదానివి, నీకు తపారియా లాంటివి, లేదంటే జలంధర్‌లో ఫోర్జింగ్ చేసినవి, అంటే ఇనుము కాల్చి దెబ్బలతో మలచినవి, చాలు. నీది జపాన్ బండి కనుక ఎక్కువగా 10, 12, 14, 17 నంబర్లు తగులుతాయి, డబ్బు వాటి మీదే పెట్టు. తీసి మళ్ళీ పెట్టకుండా అటూఇటూ ఆడిస్తూ తిప్పే రాట్చెట్ కొంటే దాని పళ్ళు లెక్క అడుగు. 24 పళ్ళదైతే ఒక పన్నుకి 15 డిగ్రీలు తిప్పాలి, 72 పళ్ళదైతే 5 డిగ్రీలు చాలు, ఇరుకులో ఆ తేడా తెలుస్తుంది. నోరు వెడల్పు మార్చుకునే స్క్రూ స్పానర్ చౌకది అసలొద్దు. ఎంత బిగించామో కొలిచి చెప్పే టార్క్ రెంచ్ కొంటే మంచిదే కొను, చౌకది అబద్ధం చెబితే అల్యూమినియంలో మర పోతుంది.

తుప్పు పట్టిన నట్టుకి ఆరు మూలల సాకెట్ వెయ్యి, ముందురోజు రాత్రే నూనె పోసి వదిలెయ్యి. స్పానర్‌ని నీ వైపుకి లాగు, తోయకు. తోయక తప్పకపోతే పిడికిలి విప్పి అరచేత్తో తోయి. పానాకి పైపు తొడగొద్దు. చేతికి గాజులు, వాచీ తీసెయ్యి. చాదస్తం అనుకోకు, ఒక్కోటి ఎవరో ఒకరి వేలు పోతే తెలిసినవి.

టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నావా? తుప్పు గీసుకున్న గాయం ఎండిపోయిందని వదిలెయ్యకూడదు. కట్టు ఎన్నాళ్ళకోసారి మారుస్తున్నారు? ఎర్రగా గానీ, వేడిగా గానీ ఉంటే ఆఫీసు మానేసి వెళ్ళు.

ఈ రోజు కొరియర్ వేశాను. 10-11, 12-13, 14-15 రింగులు కొత్తవి, పేపర్లో చుట్టి ఉన్నవి. గుడ్డలో కట్టింది మేస్త్రి 16-17. పైన గ్రీజు రాశాను, తుడుచుకుని వాడు. అల్లం పచ్చడి సీసా నిలబెట్టి తెరువు, నూనె కారుతుంది. మీ అమ్మకి కట్టు సంగతి నేనింకా చెప్పలేదు. అందుకని ఈ ఉత్తరం చదవగానే చెయ్యి ఫోటోలు నా ఫోనుకే పంపు, వేళ్ళు చాపి ఒకటి, ముడిచి ఒకటి.

నాన్న