చున్నీకి అవతలి కొస ఎవరు పట్టుకోవాలి?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఆస్పత్రుల్లో పేషెంట్లు పడిపోకుండా చేతికి వాచీలాగా, నడుముకి బెల్టులాగా పెట్టే సెన్సర్లు వస్తున్నాయని రాశారు కదా, అది చదివి మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. ఎందుకంటే ఈ వేసవిలో మా నాన్నగారు సరిగ్గా అలాగే పడ్డారు, అదీ ఇంట్లో కాదు, గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి రెండో అంతస్తులో. పేరు రాయను, రాసినా ఇప్పుడు ఒరిగేదేం లేదు.

ఆయనకి 76 ఏళ్లు, ప్రోస్టేట్ ఆపరేషన్ కోసం చేరారు. యూరిన్ ట్యూబ్ ఆ సాయంత్రమే తీశారు, తీశాక గంటకోసారి బాత్రూంకి లేవాల్సి వస్తుందని మాకెవరూ చెప్పలేదు. తమ్ముడు బయట వరండాలో చాప మీద పడుకున్నాడు, రాత్రి రెండున్నరకి నాన్న వాణ్ణి లేపడం ఎందుకులే పాపం అనుకుని తనే దిగారు, చేతికి కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) ఉంది, మంచాలు పట్టుకుంటూ బాత్రూం దాకా బానే వెళ్లారంట, అక్కడ గుమ్మం జానెడు ఎత్తు, లోపలంతా తడి. తుంటి ఎముక విరిగింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తాం అని పాలవాడికి చెప్పి వెళ్లినవాళ్లం 19 రోజులకి ఇల్లు చేరాం.

"పేషెంట్ తాలూకు మనిషి పక్కనే ఉండాలి కదండీ" అన్నారు ఆస్పత్రి వాళ్లు. అంతే. డిశ్చార్జి సమ్మరీలో తుంటి ఎముక విరిగిందని ఉంది, ఎక్కడ విరిగిందో ఎలా విరిగిందో ఒక్క ముక్క లేదు, చదివినవాళ్లు ఈయన బస్టాండులో పడి వచ్చి చేరారేమో అనుకుంటారు. ఇన్సూరెన్సు వాళ్లు రెండో ఆపరేషన్‌కీ డబ్బు కట్టేశారు, అంటే నాన్న పడినందుకు ఆస్పత్రికి ఇంకో బిల్లు దొరికింది. అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికేర్ 2008 అక్టోబరు నుంచి, ఆస్పత్రిలో ఉండగా పడి దెబ్బ తగిలితే దాని అదనపు ఖర్చు మేం కట్టం అని చెప్పేసింది. ఇక్కడ కూడా ఆ పద్ధతి వస్తే మన గుమ్మాలన్నీ నెల రోజుల్లో చదునైపోతాయని నా అనుమానం.

రెండో ఆపరేషన్ తర్వాత రాత్రులు నేనే ఉన్నాను. నా చున్నీ ఒక కొస నాన్న చేతికి, ఇంకో కొస నా చేతికి కట్టుకుని మంచం పక్కన కింద పడుకునేదాన్ని, ఆయన కదిలితే నాకు తెలియాలని. తెలిసేది కూడా. కాకపోతే దోమని తోలుకున్నా నేను లేచేదాన్ని, పక్కకి ఒత్తిగిలినా లేచేదాన్ని, ఆరో రాత్రికి ఒళ్లు తెలీని నిద్ర పట్టి ఆయన రెండు మూడు సార్లు లాగినా నాకు మెలకువ రాలేదు. అదృష్టం కొద్దీ ఆయన గట్టిగా పిలిచారు.

మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం. "అమ్మా నువ్వు వేరబుల్ కనిపెట్టావ్" అని నవ్వాడు, వేరబుల్ అంటే ఒంటికి తగిలించుకునే పరికరమంట. వాడు చెప్పింది ఏంటంటే ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ తిరుగుతుంది చూడండి, దానికి కారణమైన, కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సరే ఈ బెల్టుల్లో కూడా ఉంటుందంట, మనిషి పడేటప్పుడు అందులో అంకె సున్నా వైపు జారి, నేలకి తగలగానే ఒక్కసారి పైకి ఎగిరి, తర్వాత కదలిక లేకపోతే అలారం కొడుతుంది. 2018లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 4 నుంచీ ఇది చేతి గడియారాల్లో ఉంది. ఆ సెన్సర్ ముక్క విడిగా కొంటే రెండొందల్లో వస్తుంది, వాళ్ల కాలేజీలో ఏటా నలుగురైదుగురు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇదే పెడతారంట (సగం మంది విజయవాడలో రెడీమేడ్‌గా కొనుక్కొస్తారనుకోండి, అది వేరే సంగతి). కానీ నాకు అర్థమైంది ఒకటే, నిలబడ్డ మనిషి నేలకి చేరడానికి ఒక సెకను కూడా పట్టదు, కాబట్టి ఆ మోత విని పరిగెత్తి వచ్చినవాడికి కనపడేది అప్పటికే విరిగిన ఎముకే. నాలుగు గంటలు ఎవరూ చూడకుండా పడి ఉండటం కంటే అది నయమే, కాదనను.

నిజంగా ఆపాలంటే లేవబోయేటప్పుడే తెలియాలి. తొడకి పెట్టే సెన్సర్ అయితే కూర్చున్నప్పుడు తొడ అడ్డంగా, నిలబడితే నిలువుగా ఉంటుంది కాబట్టి లేస్తున్న సంగతి అప్పుడే పట్టేస్తుంది. అరికాలి కింద ఒత్తిడి పసిగట్టే మేజోళ్లు కూడా ఉన్నాయి, పేషెంట్ కాలు నేల మీద ఆనించి బరువు వేయగానే దగ్గర్లో ఉన్న నర్సులకి కబురు వెళ్తుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆస్పత్రిలో 569 మందికి తొడిగి చూస్తే అవి వేసుకున్నప్పుడు ఒక్కరూ పడలేదంట. బాగుంది, కానీ అక్కడ ఆ కబురు అందుకుని వచ్చే నర్సు ఉంది. మా ఫ్లోర్‌లో రాత్రి ఇద్దరు సిస్టర్లు, వాళ్లలో ఒకమ్మాయి మందులు రాస్తూ ఉంటే ఇంకో అమ్మాయి సెలైన్లు మారుస్తూ ఉండేది, కూర్చోగా నేను చూడలేదు. వాళ్లకి ఇంకో ముప్ఫై బెల్టుల మోత కూడా తగిలిస్తే నాన్నా పులి కథే అవుతుంది, నాకు ఒక్క మనిషితోనే ఆరో రాత్రికి అయింది కదా. అమెరికాలోనే ఒక ఆస్పత్రిలో, పేషెంట్ మంచం దిగబోతే మోగే అలారాలు బాగా పెంచి చూశారు, 2012లో ఫలితం వేశారు, అలారాల వాడకం పెరిగింది గానీ పడటాలు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు.

అందరికీ బెల్టు అక్కర్లేదు కూడా. ఎవరు పడే అవకాశం ఉందో చూడటానికి మోర్స్ స్కేల్ అని 1989 నాటి లెక్క ఒకటుంది, కాగితం పెన్ను చాలు. ఈమధ్య పడి ఉంటే 25, రెండో జబ్బు ఉంటే 15, మంచాలూ కుర్చీలూ పట్టుకుని నడిస్తే 30, కాన్యులా ఉంటే 20, నడక నీరసంగా ఉంటే 10, తన బలం మీద తనకి లేనిపోని ధీమా ఉంటే 15. నాన్న ఉగాదికి ముందు దొడ్లో ఒకసారి జారారు, షుగర్ ఉంది, ధీమా సంగతి చెప్పక్కర్లేదు. ఆరూ కూడితే 115, ఆయనకి చదువుకునే రోజుల్లో కూడా ఇన్ని మార్కులు రాలేదు. చాలా చోట్ల 45 వచ్చినా చాలు, పడే ప్రమాదం ఎక్కువని జాగ్రత్త పడతారు. చేరిన రోజు ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చుని ఈ ప్రశ్నలు అడిగి చేతికి గుర్తుగా పసుపు బ్యాండ్ వేసి మంచం బాత్రూం పక్కకి మార్చి ఉంటే చాలు.

మీ పేపరు ద్వారా అధికారుల్ని నేను అడిగేది బెల్టులు కొనమని కాదండి. ఆస్పత్రిలో పడిన ప్రతి మనిషి సంగతీ కేసు షీట్లో, డిశ్చార్జి కాగితంలో రాయాలి, ఆస్పత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు బోర్డు పెట్టుకున్న చోట్ల ఈ లెక్క ఎటూ ఉండాలి, దాన్ని బయటికి కూడా చెప్పించండి. బాత్రూంలో పట్టుకునే కడ్డీ, గుమ్మం లేని నేల, రాత్రి ఇంకో సిస్టర్, ఇవి ఉన్న వార్డులో బెల్టు పెట్టినా ఉపయోగం. మన జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాస్పత్రిలో) ఒక్క ఆర్థో వార్డులో, అంటే ఎముకల వార్డులో, మా వాడి కాలేజీ పిల్లల పరికరాలు పెట్టి మూడు నెలలు చూడొచ్చు, పిల్లలకి కూడా నిజం ప్రాజెక్టు దొరుకుతుంది.

నాన్న ఇప్పుడు వాకర్‌తో వరండా దాకా నడుస్తున్నారు. మా వాడు ఆయన కోసం బెల్టు ఒకటి తయారు చేశాడు గానీ ఆయన అది తీసి దిండు కింద పెట్టేస్తున్నారు, రాత్రంతా దిండు క్షేమంగా ఉన్నట్టు నా ఫోన్‌కి మెసేజ్ వస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు